జర ఆగండి

నల్లగొండ కోర్టు గేటుకు ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి ఆమె ఫ్లెక్సీ కట్టారు. పైన శిలువ గుర్తు, కింద జ్ఞాపకార్థ కూటం ఎక్కడ జరుగుతుందో రాసి, నడుమ ఆమె ఫొటో పెట్టారు. ఆ ఫొటోను ఎవరో బాగా తెల్లగా దిద్దారు. కళ్లద్దాలకు ఆమె కట్టుకునే నల్లదారం కనపడకుండా చేశారు. అన్నిటికంటే వింతగా అనిపించింది ఆమె నోరు. మూసుకుని ఉంది. నోరు మూసుకుని ఉండగా నేను ఆమెను ఎన్నడూ చూడలేదు, అందుకే ముందు గుర్తుపట్టలేదు. మందుల షాపుకు పోతూ ఫ్లెక్సీని దాటిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి చూశాను.

పేరు కూడా అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లలో ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లను నేను చూడలేదు. వకీళ్లకు, వాళ్ల గుమాస్తాలకు, చాయ్ అమ్మేవాడికి, ఊళ్లనుంచి వచ్చే కక్షిదారులకు, అందరికీ ఆమె సీడీ అక్కే. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే అనేవాళ్లు. నేనూ అలాగే అన్నాను, మొదటిసారి కోపంలో. ఫ్లెక్సీ మీది పేరు ఇక్కడ రాయను. ఆ పేరుగల మనిషితో నాకు పరిచయం లేదు.

కోర్టు పక్క సందులో స్టాంపు కాగితాలు అమ్మే ఆయన దుకాణంలో సగం జాగా ఆమె కిరాయికి తీసుకుంది. ఒక బల్ల, ఒక పాత కంప్యూటర్, రెండు పెద్ద స్పీకర్లు, వచ్చినవాళ్లకు ప్లాస్టిక్ కుర్చీలు. ఆమె భారీ మనిషి. కూర్చుంటే ఇక లేవనవసరం లేకుండా కావలసినవన్నీ చేయి చాపితే అందేట్టు అమర్చుకుంది. బల్ల మీద సోంపు డబ్బా ఉండేది. వచ్చిన మనిషి చేతిలో ముందు కాస్త సోంపు పోసి, తర్వాతే పనేమిటని అడిగేది.

"కొట్లాటకొచ్చినోని నోట్ల ఏదన్న ఉండాలె. లేకుంటె మనల్నే నములుతడు" అనేది.

సీడీని ఆమె పట్టుకునే తీరు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. నడిమి రంధ్రంలో చూపుడువేలు దూర్చి, అంచును బొటనవేలితో ఆనించి, వేడి గారెను పట్టుకున్నట్టు పట్టుకునేది. వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, ఒకసారి ఊది, అప్పుడు పెట్టెలో పెట్టేది. ఎవరైనా అరచేత్తో ముట్టుకుంటే ఊరుకునేది కాదు. "అన్నం తిన్న చెయ్యి, బీడీ తాగిన చెయ్యి, అన్ని దాని మీదనే రాసుకుంటది" అని చేతిలోంచి లాక్కునేది. సరిగా పడని సీడీలను పారేయకుండా ఇంటికి తీసుకుపోయి, చిలుకలు రాకుండా జామచెట్టుకు దారాలతో వేలాడదీసేదట. జడ్జి ముందుకు పోలేనివి తన జామకాయలకు కాపలా కాస్తున్నాయని చెప్పి తనే నవ్వేది.

ఆమె భర్త పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. పెన్‌డ్రైవులు వచ్చి పెళ్లి సీడీలు అడిగేవాళ్లు తగ్గాక ఆయన ఆటో నడుపుకోసాగాడు. ఈమె సీడీలు రాసే సామానంతా తీసుకుని కోర్టు సందుకు వచ్చింది. లోకమంతా సీడీలు మానేసినా కోర్టు మానలేదు. ఫోన్లో రికార్డయిన తిట్లు, బెదిరింపులు, ఒప్పుకోళ్లు, గట్ల దగ్గర కొట్లాటల వీడియోలు సాక్ష్యానికి పనికిరావాలంటే సీడీలో రాసి దాఖలు చేయమనేవాళ్లు. అన్నదమ్ముల మాటలు, ఆలుమగల మాటలు, దాయాదులైన పాలివాళ్ల మాటలు ఆ బల్ల మీదుగానే కోర్టులోకి పోయేవి.

ఆమెకు రెండు పట్టింపులు ఉండేవి. రికార్డింగును మొదటినుంచి చివరిదాకా, తెచ్చినవాడి ఎదురుగా, స్పీకర్లలో వినిపించాలి. చెవుల్లో పెట్టుకునే వైర్లు ఇచ్చేది కాదు. అది అయ్యాక కూడా వెంటనే సీడీ రాసేది కాదు. రాయబోయే సీడీ ఎలా ఉండాలో అచ్చం అలాంటి నమూనా ఒకటి ముందు కంప్యూటర్‌లో తయారవుతుంది. దాన్ని ఆమె బొమ్మ అనేది. ఈరోజు బొమ్మ, రేపు రాత. ఎందుకు రేపు అని ఎవరైనా అడిగితే కంప్యూటర్ వేడెక్కింది, చల్లారాలె అనేది. చలికాలం పొద్దున కూడా అదే మాట. వకీళ్లు విసుక్కునేవాళ్లు, కానీ ఆమె దగ్గరికే పంపేవాళ్లు. ఆమె రాసిన సీడీ ఏ పెట్టెలో పెట్టినా పలికేది. వేరే షాపుల్లో తొందరగా రాసినవి కోర్టులో తెరుచుకోక వాయిదాలు పడేవి.

ఆమె కంప్యూటర్‌లో ఉన్నది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు, లోపల విప్పి చూసుకుని మార్చుకోవచ్చు. సందులో మిగతా దుకాణాలవాళ్లు డబ్బుపెట్టి కొనాల్సినదాన్ని తాళం పగలగొట్టి వాడుకునేవాళ్లు. అది ఆమెకు గిట్టేది కాదు. "దొంగ సామానుతోని సాక్ష్యం రాస్తె నిలుస్తదా?" అని గట్టిగానే, వాళ్లకు వినపడేట్టు అనేది. తనదాన్ని మాత్రం అడిగినవాళ్లకల్లా సీడీలో రాసి ఇచ్చేది. ఒకటే షరతు. తీసుకున్నవాడు ఇంకొకరికి ఇవ్వాలి.

ఆ సాఫ్ట్‌వేర్‌లో మాటలు సగం తెలుగులో కనిపించేవి. దేశంలో ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు తలా కొన్ని మాటలు తెలుగు చేసి పంపారట. సీడీ రాసిన తర్వాత, రాసింది బొమ్మతో సరిపోయిందో లేదో యంత్రం చదివి చూసుకుంటుంది. ఆ సమయంలో తెర మీద 'దయచేసి వేచియుండుము' అని వచ్చేది. ఊళ్లనుంచి వచ్చినవాళ్లు అది చదివి ఏదో తప్పు జరిగిందనుకుని గాబరా పడేవాళ్లు. అందుకని ఈమె ఆ మాట తీసి 'జర ఆగండి' అని పెట్టమని రాసి పంపింది. అది పుస్తకాల్లో రాసే భాష కాదు, ఒక ప్రాంతం మాట, అందరికీ పనికిరాదు అని జవాబు వచ్చింది.

ఈ కథ ఆమె ఎన్నిసార్లు చెప్పేదో. చెప్పినప్పుడల్లా కోపం కొత్తగా వచ్చేది. "తెలంగాణ వచ్చింది గని, దీనిలకు ఇంకా రాలే" అనేది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి గర్వంగా తెర చూపించేది. మాటల ఫైలు తెరిచి తన కంప్యూటర్‌లో తానే మార్చుకుంది. అందుకు ఎవరి అనుమతీ అవసరం లేదు. ఆమె తెర మీద, ఆమె రాసి ఇచ్చిన ప్రతి నకలు మీద, సీడీ చదివేటప్పుడూ, కంప్యూటర్ లేచేటప్పుడూ, సన్నటి ఆకుపచ్చ గీత నడుస్తుండగా దాని కింద రెండు మాటలు కనపడేవి. జర ఆగండి.

నేను ఆగే మనిషిని కాను. సర్కారు బడిలో లెక్కలు చెప్పాను. బోర్డు దగ్గరికి పిలిచిన పిల్లవాడు సుద్దముక్క పట్టుకుని ఆలోచిస్తుంటే నాకు చేతులు దురద పెట్టేవి. వాడు రెండో మెట్టు రాసేలోపే జవాబు నేనే చెప్పేసేవాణ్ణి. ఇంట్లోనూ అంతే. మా చెల్లె మాట్లాడితే మరీ అంతే.

మాది మర్రిగూడ మండలం. అక్కడి ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మా ఈడువాళ్లందరి పళ్ల మీదా గోధుమరంగు మరకలు ఉంటాయి. నేను మగవాణ్ణి కాబట్టి పట్టించుకోలేదు. చెల్లె మాత్రం పదేళ్ల వయసునుంచే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం నేర్చుకుంది. మాట నెమ్మదిగా, తెగి తెగి వచ్చేది. ఆ తెగినచోటల్లా నేను దూరేవాణ్ణి. ఆమె మాటను నేనే పూర్తి చేసేవాణ్ణి. చాలాకాలం అది సాయం చేయడమే అనుకున్నాను. చెల్లెను హుజూర్‌నగర్ దగ్గర కాలువ నీళ్ల ఊరికి ఇచ్చాం.

బాపు చనిపోయాక ఆయన చెలక భూమి నా పేరు మీదికి మార్చుకోవాలంటే చెల్లె వచ్చి తహసీల్ ఆఫీసులో సంతకం పెట్టాలి. మా అమ్మ అంతకుముందే పోయింది. ఉన్నది మేమిద్దరమే. చెల్లెకు ఫోన్ చేసి చెప్పాను. రమ్మన్న రోజు ఆమె రాలేదు. మా చిన్నాన్న కొడుకు ఒకడు, ఇప్పుడు ఆడపిల్లలంతా వాటా అడుగుతున్నరు, జాగ్రత్త అన్నాడు. ఆ ఒక్క మాట నాకు సరిపోయింది. చెల్లెను అడగాలని తోచలేదు. వకీలు దగ్గరికి పోయాను. ఫోన్లో నేను మాట్లాడేవన్నీ రికార్డయ్యేట్టు పెట్టుకునే అలవాటు నాకుంది. ఆ మాటల్లో చెల్లె, నాకేమొద్దన్నా అంది. అది ఉంటే చాలు, సీడీ చేయించుకుని రండి అన్నాడు వకీలు.

అలా మొదటిసారి ఆమె దగ్గరికి పోయాను. నాకంటే ముందు దేవరకొండ వైపునుంచి వచ్చిన రైతు ఒకాయన ఉన్నాడు. బోరు విషయంలో పాలివాడు తనను ఫోన్లో తిట్టిన తిట్లు తెచ్చాడు. ఆమె స్పీకర్లలో పెట్టింది. నిజంగానే ఘోరంగా తిట్టాడు. సందంతా వింటోంది. తిడుతూ తిడుతూ ఆ పాలివాడు మధ్యలో ఆగి, అదే గొంతుతో, మీ పిల్లగానికి జరం తగ్గిందా అని అడిగాడు. ఈయన, తగ్గింది అన్నాడు. వాడు మళ్లీ తిట్టడం మొదలుపెట్టాడు. వింటున్న రైతు తల వంచుకున్నాడు. ఆ మాట తనకు గుర్తే లేదని అన్నాడు. సోంపు నమలడం అయ్యాక, రేపొస్తనక్కా అని లేచాడు.

"ఇగ రాడు" అంది ఆమె, ఆయన సందు మలుపు తిరిగాక.

స్టాంపు కాగితాలాయన అటునుంచి అందుకున్నాడు. "నువ్వు దుకాణం పెట్టినవా, ప్రార్థన మందిరం పెట్టినవా? వచ్చిన గిరాకీనంత ఎల్లగొడ్తవు."

"ఎల్లగొట్టిన్నా? వినిపిచ్చిన. తీర్పు నాడు గూడ గంతేనంట, ముందుగాల మొత్తం వినిపిస్తరంట, తర్వాతనే రాస్తరంట. అప్పుడు నువ్వు చెవులు మూసుకుంటవు, నీ సంగతి నాకెర్కె."

సందులో వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వంతు నాది.

ఆమె నా ఫోను కంప్యూటర్‌కు తగిలించి మీట నొక్కింది. ముందు నా గొంతు. భూమి సంగతి, ఆఫీసు సంగతి చెబుతున్నాను. తర్వాత చెల్లె గొంతు, నోటికి చెయ్యి అడ్డంగా ఉన్నట్టు తెలుస్తూనే ఉంది. "నాకేమొద్దన్నా, గని..." అంది. అక్కడ నా గొంతు ఆమె మాట మీద పడింది. ఒద్దన్నప్పుడు ఇంకేముంది, ఆధార్ కార్డు తెచ్చుకో, ఫొటోలు తెచ్చుకో, పొద్దున్నే బయలుదేరు. అలా చాలాసేపు నేనే మాట్లాడాను.

సీడీ అక్క ఆపి, వెనక్కి జరిపి, ఆ చోటు మళ్లీ వినిపించింది. నాకేమొద్దన్నా, గని. మళ్లీ నేను.

"మీ చెల్లె ఇంకేదో చెప్పవొయ్యింది. ఏందది సారు?" అని అడిగింది.

నాకు తెలియదు. తెలియదని అప్పటిదాకా నాకే తెలియలేదు. అయినా ఆ మాట అనలేదు. అది మనకు అవసరం లేదు, ఒద్దన్నది, అది చాలు అన్నాను.

"బళ్లె పిల్లగాండ్లను గూడ గిట్లనే మాట్లాడనియ్యరా?"

ఈసారి కూడా సందు నవ్వింది. "అక్కా, నీ పని నువ్వు చెయ్యి. ఒద్దు అన్నకాడికే కోసి, సీడీ రాసియ్యి" అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. కళ్లద్దాలు తీసి దారానికి వదిలేసింది. "కోసుడు నా తాన ఉండది. ఉన్నది ఉన్నట్టు బొమ్మ చేసి పెడ్త. రేపు రా, రాసిస్త. గాదంటె ఎదుటి వరసల చేస్తరు, పో."

రేపొస్తానని చెప్పి, అటునుంచి అటే ఎదుటి వరసలోకి పోయాను. అక్కడ వాళ్లు ఏమీ అడగలేదు. 'నాకేమొద్దన్నా' దాకా ఉంచి మిగతాది కోసేశారు. చాయ్ తాగేలోపు పనైపోయింది. వకీలు నోటీసు రాసి, సీడీ నకలు ఒకటి జతచేసి చెల్లెకు పోస్టులో పంపించాడు. కేసు దాకా పోనేలేదు. చెల్లె వారం తిరక్కుండా వచ్చి సంతకం పెట్టింది. ఆఫీసు వరండాలో నన్ను చూసి తల ఊపింది. భోజనం చేసి పొమ్మంటే, బస్సుందన్నా అంది. చెలక నా పేరు మీదికి వచ్చింది. ఆ తర్వాత చెల్లె తనంతట తాను నాకు ఫోన్ చేయలేదు. నేను పండుగలకు చేస్తే, బాగున్నం అని, పిల్లలు బాగున్నరు అని చెప్పేది. నాకు అదీ సులువుగానే అనిపించింది. మధ్యలో దూరే అవసరం రాలేదు.

రెండోసారి ఆమె దగ్గరికి పోయింది బడి పని మీద. వార్షికోత్సవం ఫొటోలు సీడీలో పెట్టి పైఆఫీసుకు పంపాలన్నారు. ఎదుటి వరసలో ఆ షాపు అప్పటికి మూతపడింది. ఆమె నన్ను గుర్తుపడుతుందని భయపడుతూనే పోయాను. గుర్తుపట్టింది. ఏమీ అనకుండా చేతిలో సోంపు పోసింది. ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసి, మా బడి పిల్లల డ్యాన్సును మెచ్చుకుని, రేపు రమ్మంది.

మర్నాడు పోతే బడి సీడీతో పాటు ఇంకో కవరు ఇచ్చింది. అందులో రెండు సీడీలు ఉన్నాయి. "ఇందుల ఒకటి నీదే సారు. ఆనాడు బొమ్మ చేసి పెట్టిన, నువ్వు రాకపోతివి."

ఇన్నాళ్లూ ఎందుకు ఉంచావని అడిగాను.

"రేపొస్తమన్నోళ్లయి తీసెయ్య నేను" అంది. "రెండోది నా సాఫ్ట్‌వేరు. పెట్టి కంప్యూటర్ లేపితె నా కంప్యూటర్ నీ ఇంటికొచ్చినట్టే ఉంటది. ఇంకొకలకు ఇయ్యాలె, యాదుంచుకో."

డబ్బులు ఇచ్చి వెనక్కి తిరిగాను. అప్పుడు అడిగింది. "చెల్లె ఏం చెప్పవొయ్యిందంట?"

"అదంతా అయిపోయిందక్కా. సంతకం పెట్టింది."

"సంతకం సంగతి నేనడగలే" అని, నా వెనక నిలబడ్డ మనిషిని చూసి సోంపు డబ్బా మూత తీసింది.

ఆ కవరును బీరువాలో నా సర్టిఫికెట్ల కింద పెట్టాను. అడుగుదామని అనుకోకపోలేదు. పదవీ విరమణ కాగానే అనుకున్నాను. పత్తి అమ్మగానే అనుకున్నాను. తర్వాత చెలకను కౌలుకు ఇచ్చాను, అప్పుడూ అనుకున్నాను. ఎదుటివాళ్ల మాటను సగంలో అందుకోవడంలో నాకున్న చురుకు, అడగడంలో లేదు. కోర్టు సందు దగ్గరనుంచి పోయినప్పుడల్లా ఆమె మాట వినపడేది, నేను రోడ్డుకు ఆ పక్కకు మారేవాణ్ణి. ఆమెకు దవాఖానలో ఆపరేషన్ అయిందని ఎవరో చెప్తే, పోయి చూడాలని కూడా అనుకున్నాను.

ఫ్లెక్సీ చూసిన రోజు మందులు కొనకుండానే ఇంటికి వచ్చాను. మా పాత కంప్యూటర్‌కు సీడీ పెట్టె ఇంకా ఉంది. ముందు రెండో సీడీ పెట్టి కంప్యూటర్ లేపాను. నల్లటి తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా నడిచింది. దాని కింద ఆ రెండు మాటలు వచ్చాయి. కుర్చీలో కూర్చుని గీత చివరిదాకా పోయేంతవరకు చూశాను. ఏ ఫ్లెక్సీ మీదా ఆమె అంత బాగా కనపడదు.

తర్వాత మొదటి సీడీ విన్నాను. ఆమె దుకాణంలో విన్నప్పుడు కోపంలో చివరిదాకా వినలేదు. ఇప్పుడు విన్నాను. ఆధార్ కార్డు, ఫొటోలు, బస్సు, అన్నీ చెప్పి, విన్నవా అని అడిగాను. అవతల చెల్లె ఏమీ అనలేదు. కోళ్ల చప్పుడు, ఎవరో బిందె దించిన చప్పుడు వినపడుతున్నాయి. ఆమె అక్కడే ఉంది. చెప్పడానికి చోటు దొరుకుతుందేమోనని చూస్తోంది. ఆ నిశ్శబ్దాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. చివరికి, సరే అన్నా అంది. నేను ఫోన్ పెట్టేశాను.

మర్నాడు హుజూర్‌నగర్ బస్సెక్కాను. చెప్పాల్సిన మాటలు దారి పొడవునా సర్దుకున్నాను. తప్పయింది అనే మాట ఎక్కడ పెట్టాలో కూడా చూసుకున్నాను. లెక్కల సారును కదా, మెట్లన్నీ వరసగా ఉండాలి.

చెల్లె ఇంట్లోనే ఉంది. బావ పొలంనుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. చెల్లె ముసలి అత్త మంచంలో కూర్చుని ఉంది. నేను ఫోన్ చేయకుండా వచ్చానంటే ఎవరో పోయారనుకుని చెల్లె కంగారు పడింది. ఎవరూ పోలేదని చెప్పి, అది అబద్ధమని గుర్తొచ్చి, నల్లగొండలో తెలిసినామె ఒకామె పోయింది అన్నాను. తర్వాత అడిగాను.

"ఆనాడు ఫోన్ల, నాకేమొద్దన్నా, గని అన్నవు చెల్లె. గని తర్వాత ఏం చెప్పాలనుకున్నవు?"

చెల్లె నన్ను చూసింది. చెయ్యి నోటి దగ్గరికి పోయింది. "యాదికి లేదన్నా" అంది. "ఎన్నేండ్లాయె. అప్పుడడిగితె చెప్తుంటి."

బస్సులో సర్దుకున్న మాటలన్నీ నా నోటిదాకా వచ్చాయి. వాటితో ఆ చోటును నింపేయడం నాకెంత తేలికో నాకు తెలుసు. పళ్లు బిగించుకుని కూర్చున్నాను. చెల్లె లేచి లోపలికి పోయింది. అయిపోయిందనుకున్నాను. చెంబుతో నీళ్లు తెచ్చి నాకిచ్చి, ఈసారి దగ్గరగా కూర్చుంది.

"నువ్వు పంపిన సీడీ వచ్చిన్నాడు టీవీకి పెట్టి అందరు విన్నరు. ఒద్దన్నవా నువ్వు అని మీ బావ అడిగిండు. అవు, ఒద్దన్న అని చెప్పిన. 'గని' అని గూడ అన్న, ఇందుల ఎందుకో రాలే అని చెప్పిన." ఆగింది. "ఎవలు నమ్మలే అన్నా. నీకెదురు చెప్పే ధైర్యం లేక ఒద్దని, ఇప్పుడు మాట మారుస్తున్ననన్నరు. అది పడది నాకు. భూమి పోతె ఏమాయె. నేను అన్నది అనలేదన్నరు."

బావ తువ్వాలుతో కాళ్లు తుడుచుకుంటూ అలాగే నిలబడ్డాడు.

నేను సంచిలోంచి కవరు తీసి, సీడీ రంధ్రంలో వేలు పెట్టి, అంచు పట్టుకుని చెల్లెకు ఇచ్చాను. "ఇందుల ఉంది. మొత్తం ఉంది" అన్నాను.

వాళ్ల టీవీ కింద ఆ పాత పెట్టె ఇంకా ఉంది. మీద కప్పిన గుడ్డ తీసి, దుమ్ము దులిపి, బావే పెట్టాడు. సీడీ అక్క రాసిన సీడీ, ఒక్కచోట కూడా తడబడకుండా పలికింది. నాకేమొద్దన్నా, గని. తర్వాత ఆ ఇంట్లో, వాళ్లందరి ముందు, నా గొంతు మోగింది. ఆగితే బాగుండుననిపించేంత సేపు మోగింది. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపమనలేదు. కోళ్లు, బిందె, నిశ్శబ్దం, సరే అన్నా. అంతా అయ్యాక మంచంలోంచి ముసలామె, "గని అన్నదే పిల్ల" అంది, ఎవరితోనూ కాదన్నట్టు. బావ చెల్లె వైపు చూసి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

చెల్లె సీడీ బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. నన్ను కాకుండా దాన్నే చూస్తూ, మెల్లగా మొదలుపెట్టింది. "నిజంగ యాదికి లేదన్నా. గని బాపు ఉన్నన్ని రోజులు పత్తి తొలి ఏరుడుకు నన్ను పిలుస్తుండె. మొదటి దోసెడు నా ఒళ్లనే పోస్తుండె. సంతకం పెట్టినంక గది గూడ పోతదా అని అడుగుదామనుకున్ననేమో. గదే కావొచ్చు. ఇంకోటి గూడ ఉండె..."

చెలక కౌలుకు ఇచ్చానని, రెండేళ్లుగా దానిలో మనం పత్తి పెట్టడం లేదని, వచ్చే ఏడు మాన్పించి నేనే పెడతానని, ఇవన్నీ ఒక్కసారి నా నాలుక మీదికి వచ్చాయి. చెల్లె ఆగింది. ఆలోచిస్తోంది. చెయ్యి ఒళ్లోనే ఉంది, నోటి దగ్గరికి పోలేదు.

నేను చెంబెత్తి నీళ్లు నోట్లో పోసుకున్నాను. మింగకుండా పట్టుకుని కూర్చున్నాను.